అరిస్తే ఒక మార్కు

మానసిక ఆసుపత్రి వార్డులో పేషెంటు ఎప్పుడు కలబడతాడో ముందే చెప్పే విద్య ఒకటుంది. నార్వేలో ట్రోండ్‌హైమ్ నగరంలో, బ్రోసెట్ అనే చోట పుట్టింది. ఆరే లక్షణాలు: గందరగోళం, చిరాకు, గోల చేయడం, మీది మీదికి రావడం, నోటితో బెదిరించడం, వస్తువుల మీద పడటం. ఉన్నదానికల్లా ఒక మార్కు. మూడు మార్కులు పడ్డాయా, రాబోయే 24 గంటలూ జాగ్రత్త!

ఆస్ట్రేలియా వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. 2006లో మెల్‌బోర్న్ నుంచి వచ్చిన 'డాసా' పట్టికలో ఏడు అంశాలు. చెప్పిన మాట వినకపోతే మార్కు. అడిగింది కాదన్నప్పుడు కోపమొస్తే మార్కు. తనను రెచ్చగొడుతున్నారనుకుంటే ఇంకో మార్కు. ఈ లెక్కన మగపెళ్లివారు విడిదిలో దిగీ దిగగానే ఏడుకి ఏడు వేసి, బయటి నుంచి గడియ పెట్టేయాలి.

పెళ్లివారికి కాఫీ ఆలస్యమైతే తప్పు ఆడపెళ్లివారిది. వార్డులో ఆ సౌకర్యం లేదు. ఇంటికి ఒక్క ఫోన్ చేసుకుంటానంటే "రేపు చూద్దాంలే" అని రోజూ అనేవాళ్లకి మార్కు పడదు. తలుపుకి తాళం వేసినవాళ్లకి పడదు. వార్డు గొడవల్లో చాలావాటికి ముందు సిబ్బందితో ఏదో మాటామాటా, ఏదో ఒక "కుదరదు" ఉంటుందని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. ఆ "కుదరదు"కి పట్టికలో గడి లేదు.

ఈ జోస్యానికి ఓటమి కూడా లేదు. ఇంజక్షన్ ఇచ్చి పడుకోబెట్టారనుకోండి, ఏమీ జరగదు: చూశారా, ఆపేశాం! ఇవ్వలేదనుకోండి, కలబడ్డాడు: చూశారా, ముందే చెప్పాం!

పాత జోస్యాల సంగతి కొంచెం తవ్వుదాం. 1966లో బాక్‌స్ట్రామ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, న్యూయార్క్ రాష్ట్రంలో ప్రమాదకరమైన వాళ్లని ముద్ర వేసి గట్టి కాపలాలో ఉంచిన 967 మందిని మామూలు మానసిక ఆసుపత్రులకు మార్చాల్సి వచ్చింది. అక్కడి సిబ్బంది హడలిపోయారు. స్టెడ్‌మన్, కొకోజ్జా అనే పరిశోధకులు తర్వాతి నాలుగేళ్ల లెక్క తీశారు. తిరిగి ఆ కాపలాలోకి పంపాల్సి వచ్చినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. మిగతావాళ్లని ఏళ్ల తరబడి లోపల కూర్చోబెట్టిన సంతకాలకి ఎన్ని మార్కులో ఎవరూ వేయలేదు. నిపుణులు చెప్పే ఇలాంటి జోస్యాల్లో మూడింట ఒకటికి మించి నిజం కావడం లేదని 1981లో జాన్ మోనహన్ తేల్చాడు.

పాపం, కొత్త పట్టికలు అంత గుడ్డివి కావు. 2008లో వెలువడిన స్విట్జర్లాండ్ అధ్యయనంలో, రోజుకి రెండుసార్లు మార్కులు వేసి, అవి పెరిగినప్పుడు ఏం చేయాలో మాట్లాడుకున్న వార్డుల్లో తీవ్రమైన దాడులు 41 శాతం తగ్గాయి. కిటుకు ఆ మాట్లాడుకోవడంలో ఉంది. లండన్‌లో లెన్ బవర్స్ బృందం 'సేఫ్‌వార్డ్స్' పేరుతో పది పద్ధతులు పెట్టింది: చెడ్డ కబురుంటే మెల్లగా చెప్పండి, డ్యూటీ మారేటప్పుడు ప్రతి పేషెంటు గురించి ఒక మంచి మాట కూడా చెప్పండి, ఇలాంటివి. 2015 ఫలితాల్లో గొడవలు 15 శాతం, నిర్బంధ చర్యలు 26 శాతం తగ్గాయి. మర్యాదకి ఇంత శక్తి ఉందని వైద్యశాస్త్రం ట్రయల్ పెట్టి మరీ కనిపెట్టింది. అభినందనలు.

మన దగ్గర అంత ఖర్చు దేనికి? హైదరాబాద్ మానసిక ఆసుపత్రి పేరు చెప్పి "ఎర్రగడ్డ కేసు" అంటే చాలు, చూడకుండానే మార్కులన్నీ పడిపోతాయి. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. ఆ గొలుసులు వేసినవాళ్లూ ముందుజాగ్రత్త కోసమే వేశామనుకుని ఉంటారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు నిషేధించింది. సిబ్బంది తక్కువన్న ఒక్క కారణంతో మనిషిని కట్టేయకూడదని 97వ సెక్షన్‌లో విడిగా రాసింది. కట్టేయక తప్పకపోతే, ఆ సంగతి 24 గంటల్లోగా పేషెంటు ప్రతినిధికి చెప్పమంది. మనకీ 24 గంటల లెక్కే, కాకపోతే ఇది ఆసుపత్రి మీద పెట్టిన లెక్క. వార్డు మొత్తాన్ని ఒక్క నర్సుకి వదిలేసిన రాత్రి ఏం జరుగుతుందో చెప్పడానికి నార్వే దాకా వెళ్లక్కర్లేదు. ఆ డ్యూటీ చార్టు మీద సంతకం పెట్టిన అధికారికి ఆరింటికి ఎన్ని వేయాలో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.