వ్యయానికి ముందు ఆదాయం

2023లో ఉగాదికి ఇంకా నెలన్నర ఉండగానే పేటీఎం పంచాంగం వచ్చేసింది. డిసెంబరు త్రైమాసికంలోనే లాభాల్లోకి వచ్చేశామని, అదీ చెప్పిన గడువుకు తొమ్మిది నెలలు ముందేనని శుక్రవారం సెలవిచ్చారు. లాభం 31 కోట్లు. ప్రకటనలో కాస్త కిందికి దిగితే నికర నష్టం 392 కోట్లు. పైన ఉన్న అంకె పూర్తి పేరు ‘ఈసాప్ ఖర్చుకు ముందు ఎబిటా’. అంటే వడ్డీ, పన్ను, తరుగుదలతోపాటు ఉద్యోగులకిచ్చిన వాటాల ఖర్చునూ తీసెయ్యకముందు మిగులు. అంత పొడుగు పేరు ఎవరు చదువుతారు? సోమవారం షేరు ఎగిరింది.

ఇంత చక్కటి విద్య ఇన్నేళ్లూ మన సిద్ధాంతిగారికి తట్టలేదేమా అని నా బాధ. ఏటా గుడి మంటపంలో కూర్చోబెట్టి ఆదాయం 2, వ్యయం 11, రాజపూజ్యం 1, అవమానం 6 అని మొహం మీదే చదివేసేవారు. ఇకమీదట కుదరదు. పంచాంగానికి సవరించిన ప్రతి వేయాలి. వ్యయానికి ముందు ఆదాయం 2. అవమానానికి ముందు రాజపూజ్యం 1. ఏలినాటి శని ఏడున్నరేళ్లే కదా, కాబట్టి ఒకసారి వచ్చిపోయే పద్దు కింద తీసేద్దాం. అష్టమ శని నగదు రూపంలో తగలదు, అదీ కొట్టెయ్. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం మినహాయిస్తే రోజంతా సుముహూర్తమే.

శ్రోతల్లోంచి ఎవరో పెద్దాయన లేచి ‘స్వామీ, వ్యయం ఎంతో చెప్పలేదు’ అంటాడు. ‘అనుబంధంలో ఉంది నాయనా, తీరిగ్గా చూసుకో’ అంటారు సిద్ధాంతిగారు. పెద్దాయన కళ్లజోడు వెతుక్కునేలోపు, సూటు తొడుక్కున్న టీవీ సిద్ధాంతి మీనరాశికి టార్గెట్ 14 ఇచ్చేస్తాడు. మర్నాడు మీనరాశికి అప్పర్ సర్క్యూట్.

అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే పేటీఎం నష్టం దాదాపు సగానికి తగ్గిన మాట నిజమే. 392ను కంపెనీ దాచలేదు కూడా. అయినా ఈసాప్ ఖర్చు కాదంటే ఎలా? జీతంగా డబ్బుకు బదులు వాటా ఇవ్వడమే ఈసాప్. దాన్ని ఖర్చుగా రాయమనే మన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 102 చెబుతోంది. నగదు కదలలేదంటారు. నగదు కదలకపోవచ్చు, మిగతా వాటాదారుల భాగం మాత్రం పలచబడింది. అప్పట్లో వ్యవస్థాపకుడొక్కరికే 2.1 కోట్ల ఆప్షన్లు ఇచ్చారు. అలాంటి వాటా ఆకాశం నుంచి ఊడిపడుతుందా? 2021 నవంబరులో షేరు 2,150 రూపాయలు పెట్టి కొన్న గుమస్తా దగ్గర్నుంచి, రిటైరైన మాస్టారి దగ్గర్నుంచి వస్తుంది. లిస్టయిన రోజే అది 1,564కు పడింది. ఏడాది తిరిగేసరికి ఐదొందల దిగువకు చేరింది. ఆ నష్టానికి ‘ముందు’ ఎంతుందో వాళ్లు ఏ బ్యాంకుకు చూపించుకోవాలి?

తగినంత లాభాల చరిత్ర లేని కంపెనీ ఐపీఓలో చిన్న మదుపరులకు పది శాతం మించి ఇవ్వొద్దని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే గీత గీసింది. అక్కడ ఈసాప్‌కు ముందు లాభం పనికిరాదు. లిస్టయ్యాక మాత్రం ఏ లాభాన్ని నెత్తిన పెట్టుకు ఊరేగినా అడిగేవాడు లేడు. సవరించిన లాభం ప్రకటిస్తే అసలు లాభనష్టాన్ని దానితో సమానంగానైనా, అంతకంటే ప్రముఖంగానైనా చూపాలని అమెరికాలో 2003 నుంచీ నిబంధన ఉంది. ఇరవై ఏళ్లకు పైగా! 392ను పైన వేసి 31ని కింద వేయమని ఒక్క వాక్యం రాయడానికి సెబీకి ఇంకెంతమంది మాస్టార్ల పింఛను డబ్బులు కావాలి?