మిథిలానగర్‌లో నాగలి

జనక మహారాజు నాగలి కడితే చాలులో సీతమ్మ దొరికింది. అది మిథిల. హైదరాబాదులో మా మీర్‌పేట్‌లోనూ ఒక మిథిలానగర్ ఉంది. ఇక్కడ నాగలి కడితే ముందు సీసీ రోడ్డు తగులుతుంది, దాని కింద డ్రైనేజీ పైపు, ఆ పక్కన ఎవరిదో ఇంటర్నెట్ కేబులు. సీతమ్మ సంగతి అటుంచండి, నాగలికి పర్మిషన్ ఉందా అని అడగడానికి కాలనీ సంఘం వాళ్ళు మాత్రం దొరుకుతారు.

ఇలాంటి చోట నేను గోంగూర పండిద్దామని బయల్దేరాను.

ధైర్యం ఊరికే రాలేదు. పట్నంలో సేద్యం చేయమని పురమాయించేవాళ్ళకు ఇక్కడ కొదవ లేదు. ఉమ్మడి రాష్ట్రంలోనే ఉద్యానశాఖ మిద్దెతోటల కిట్టు ఇచ్చింది. 6 వేల రూపాయల సరుకు, సగం సబ్సిడీ. నాలుగు ప్లాస్టిక్ మడులు, ఎర్రమట్టి, ఎరువు, వేపపిండి, విత్తనాలు, చేతిలో పట్టే చిన్న గునపం. తర్వాత దానికి ‘మన ఇల్లు – మన కూరగాయలు’ అని ముద్దుపేరు కూడా వచ్చింది. నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా పెడతారు, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. గింజ నుంచి డాక్టరేటు దాకా అన్నీ దొరుకుతాయి. నేల ఒక్కటే దొరకదు.

అసలు నేల లేక కాదు. మా ఊరికి పెద్ద చెరువు, మంత్రాల చెరువు, సంద చెరువు అని మూడున్నాయి. ఊరికి మూడు చెరువులు ఎందుకు తవ్వుతారో మా తాతలకు తెలుసు. తూము కింద కాలువ, కాలువ కింద మడి, మడికి తడి పెట్టే నీరటి. ఇప్పుడు నీరటి లేడు, తూము ఎక్కడుందో చూపించేవాడూ లేడు. మురుగు మాత్రం వేళ తప్పకుండా చెరువులో పడుతుంది. 2020 అక్టోబరు వానలకు చెరువు కట్ట దాటి కాలనీల్లోకి వచ్చింది. పాపం, పాత మడులను వెతుక్కుంటూ వచ్చిందేమో. వరికి పెట్టాల్సిన తడి సోఫాలకు పెట్టి వెళ్ళింది. దాన్ని మనం వరద అన్నాం.

ఈలోపు పంచాయతీ మునిసిపాలిటీ అయింది, 2019లో కార్పొరేషన్ అయింది, 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. బోర్డు మారినప్పుడల్లా మిఠాయిలు పంచుకున్నాం. గుంటలు, ఎకరాలు పోయి గజాలు మిగిలాయి.

సరే, మిద్దె మీదే వేద్దామనుకున్నా. అపార్టుమెంటు సంఘం మీటింగు పెట్టింది. ఘనమీటరు తడి మట్టి టన్నున్నర పైమాటేనని మూడో అంతస్తు ఇంజనీరు లెక్క చెప్పాడు. స్లాబు కారితే ఎవరిది బాధ్యత అని నాలుగో అంతస్తు. కోతులొస్తాయని అందరూ. వాళ్ళనూ తప్పుపట్టలేను. నేలనంతా కాంక్రీటుతో కప్పేసి, ఎవరి చేనిదో ఎర్రమట్టి లారీలో తెప్పించి, లిఫ్టులో పైకెక్కించి, అదే కాంక్రీటు మీద పోసుకోవడాన్ని సేద్యం అనమంటే వాళ్ళు మాత్రం ఏమంటారు?

ఇక మిగిలింది పక్క ప్లాటు. 200 గజాలు. పదేళ్ళుగా అందులో సర్కారు తుమ్మ, వయ్యారిభామ, మందు సీసాలు దివ్యంగా పండుతున్నాయి. ఏ కిట్టూ అక్కర్లేదు. మధ్యలో రేకు బోర్డు: ‘ఈ స్థలము అమ్మబడదు’. కింద ఫోన్ నంబరు. ప్లాటు గల అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఒక ఆదివారం పొద్దున వాట్సాప్‌లో పలికాడు.

“తమ్మీ, నీ ప్లాటు సాఫ్ చేయించి గోంగూర ఏసుకుంటా. నీకు కిరాయి కూడా ఇస్తా.”

“గోంగూర ఎన్ని దినాలకు వస్తది అంకుల్?”

“నెల దాటితే వస్తది.”

“కోసినంక?”

“మళ్ళా ఏస్తా.”

అటు కాసేపు మాట లేదు. “అంటే పోనన్నట్టు కదా అంకుల్.”

అతని భయం అతనిది. పన్నెండేళ్ళు అడ్డూ అదుపూ లేకుండా అనుభవిస్తే జాగా అనుభవించినవాడిదే అని 1963 నాటి లిమిటేషన్ చట్టాన్ని పట్టుకుని కోర్టుకెక్కేవాళ్ళున్న ఊరు ఇది. మా దగ్గర తుమ్మ మొలిస్తే ప్లాటు, ఆనపపాదు మొలిస్తే కబ్జా. ముళ్ళకంపకున్న పరువు పాలకూరకు లేదు.

అన్నిచోట్లా ఇలాగే లేదు. లండన్‌లో కెంటిష్ టౌన్ అనే పేటలో 1972లో రైలు పట్టాల పక్కన పాడుబడ్డ జాగాలో జనం మేకలను, కోళ్ళను పెట్టి పొలం నడిపారు, ఇప్పటికీ నడుస్తోంది. ఆ దేశంలో జనం అడిగితే కూరమళ్ళకు జాగా చూపించాలని స్థానిక సంస్థలకు 1908లోనే చట్టం చెప్పింది. ముందు జాగా, తర్వాత గునపం. మనకు గునపం ముందొచ్చింది.

అసలు ఈ తూర్పు దిక్కున పట్నపు సేద్యం లేదని ఎవరన్నారు? నాగోలు దాటి పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డుకు వెళ్ళి చూడండి. తోటకూర, పాలకూర, గేదెలకు పారాగడ్డి. అక్కడి రైతులు కిట్టు అడగలేదు, మేళాకు రాలేదు. పరిశోధకులు వచ్చి కొలుచుకుని, పేపర్లు రాసుకుని పోయారు. మనం మాత్రం బండి దగ్గర కట్ట ఎత్తి వాసన చూసి, “మూసీ కూరనా?” అని మొహం చిట్లిస్తాం. ఆ నీళ్ళు ఎవరివి? పొద్దున మనం ఫ్లష్ నొక్కి పంపినవే, సాయంత్రానికి కట్టలుగా తిరిగొచ్చాయి. మురుగు మనది, పాపం మాత్రం కూర అమ్మే అవ్వది.

ఇక డబ్బు సంగతి. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేస్తామంటే 2020లో రాష్ట్రమంతా కలిపి పాతిక లక్షల మంది తలా వెయ్యి రూపాయలు కట్టి ఎల్ఆర్ఎస్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. 2025లో పాతిక శాతం రాయితీ కూడా ఇచ్చారు. అందులో ఒక నిబంధన ఉంది, కాస్త కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. లేఅవుట్‌లో జనం కోసం 10 శాతం ఖాళీ జాగా వదలకపోతే, ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. అంటే పార్కు మింగినవాడు లేఅవుట్ అమ్ముకుని వెళ్ళిపోయాడు, కొన్నవాడు పార్కు లేనందుకు ఫీజు కడతాడు. సర్కారు రసీదు ఇస్తుంది. రసీదులో గోంగూర మొలవదు.

కాబట్టి అధికారులకు నా విన్నపం ఇంతే. మీర్‌పేట్‌లో ఖాళీ జాగా లేనందుకు వసూలు చేసిన ఆ 14 శాతం డబ్బుతో కొన్న ఖాళీ జాగా ఒక్కటి చూపించండి. కిట్టు వద్దు, సబ్సిడీ వద్దు, శిక్షణా వద్దు. 200 గజాలు కూడా వద్దు, 50 చాలు. పన్నెండేళ్ళు నిండకముందే ఖాళీ చేస్తానని బాండు పేపరు మీద రాసిస్తాను. మృగశిర కార్తె లోపల కబురు పెట్టండి, గింజలు నా దగ్గరున్నాయి.