బిళ్ళ వద్దవ్వా: ఒక అట్టముక్కకు టీకా తాత్పర్యం

మూలం:

పాత నాణెములు కొనబడును. పది రూపాయల బిళ్ళలు తీసుకొనబడవు. చిల్లర అడగరాదు.

అవతారిక: కడపలో ఒక అంగడి గల్లాపెట్టె నెత్తిన వేలాడే అట్టముక్క మీది పాఠం ఇది. మూడు వాక్యాలు, ఒక్కదానికీ కర్త లేడు. ఇంత గంభీరమైన రచన టీక లేకుండా పడి ఉండటం, అదీ ఈ ఊళ్ళో, తప్పు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, సొంత జీతంలోంచి పండితులను పోషించి, పాత కావ్యాలను పరిష్కరింపజేసి, ప్రబంధాలకు వ్యాఖ్యానాలు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ పేర భాషా పరిశోధన కేంద్రం ఉంది. తాటాకులకు దక్కిన మర్యాద అట్టముక్కకు ఎందుకు దక్కకూడదు?

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు మల్లినాథ సూరి. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఈ వ్యాఖ్యాత మొదటి సగానికి మాత్రం కట్టుబడి ఉంటాడు.

ప్రతిపదార్థం. చిల్లర: సుగమం. (అర్థం తెలియని చోట ఇలా రాసి దాటుకోవడం వ్యాఖ్యాతల కులాచారం. అయినా అంగడి నిఘంటువులో చిల్లర అంటే చాక్లెట్టని బడిపిల్లలకు కూడా తెలుసు.) నాణెము: దీని మీదే నాణ్యం, నాణెమైన మనిషి అన్న మాటలు పుట్టాయి. కొనబడును, తీసుకొనబడవు: ఇక్కడ కాస్త కూర్చోవాలి.

రాయలసీమలో 'పడు' అన్నది నిత్య వ్యవహారం. రైతు అప్పుల్లో పడతాడు, టమోటా ధర పడుతుంది, వాన మాత్రం పడదు. ఆ ధాతువే కొన, తీసుకొన వంటి వాటి వెనక చేరి 'బడు' అవుతుంది, అయీ కాగానే కర్తను మింగేస్తుంది. "నేను తీసుకోను" అంటే ఎందుకని అడగవచ్చు. "తీసుకొనబడదు" అంటే ఎవరిని అడగాలి? అరువు ఇవ్వబడదు, అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు, దరఖాస్తు పరిశీలించబడును. ఈ దేశంలో ఎవరూ ఏమీ చెయ్యరు, అన్నీ చెయ్యబడతాయి.

ఇక మొదటి వాక్యం. పాత నాణేలు ఎవరిచేత కొనబడును? అడిగితే అంగడాయన ప్రొద్దుటూరు దిక్కు గడ్డం ఊపుతాడు. బంగారం, వెండి వ్యాపారంలో రెండో బొంబాయి అని పేరుబడ్డ ఊరు గనుక ఆ ఊపు అర్థవంతమే. 1835 నుంచి 1939 దాకా కొట్టిన రూపాయి 180 గ్రెయిన్ల తూకం, అంటే సరిగ్గా తులం, 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు వెండి. అందుకే 'రూపాయెత్తు' అన్నది తూకం కూడా అయింది. రెండో ప్రపంచయుద్ధంలో వెండికి కటకట వచ్చి 1940లో వెండి పాలు సగానికి దించారు. పాత రాణి బిళ్ళలను, రాజు బిళ్ళలను సర్కారు వెనక్కి పిలిచింది. 1947 రూపాయిలో వెండి లేనే లేదు, అంతా నికెల్. పిలిచినప్పుడు పోకుండా అటకెక్కిన పాత రూపాయి ఒక్కటి ఇవాళ వెండి ధరకే వెయ్యి దాటుతుంది. కాబట్టి మూలకర్త మొదటి వాక్యం సత్యం.

కాని అది మన చేతి చిల్లరలో తగులుతుందా? అమెరికాలో 1964 దాకా వచ్చిన పది సెంట్లు, పాతిక సెంట్ల బిళ్ళల్లో 90 శాతం వెండి. వాటిని సర్కారు రద్దు చెయ్యలేదు, కనుక ఇప్పటికీ ఎప్పుడో ఒకసారి ఏ గల్లాపెట్టెలోనో తెల్లగా మెరుస్తాయి. మన దగ్గర వెనక్కి పిలిచారు కనుక ఆ ముచ్చట తీరదు. 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన 15 గ్రాముల పది రూపాయల బిళ్ళలో 80 శాతం వెండి ఉండేది. దాన్ని చిల్లరగా ఎవడు వదులుతాడు? ఆ రోజుల్లోనే వచ్చిన తామరపువ్వు ఇరవై పైసలు పచ్చగా ఉండేసరికి బంగారం కలిసిందని పుకారు లేచింది. దాంట్లో ఉన్నది రాగి పాలెక్కువైన మిశ్రమ లోహం. అయినా ఆ బిళ్ళ ఇంకా కొన్ని ఇళ్ళలో దేవుడి పటం ముందు కుంకుమ భరిణెలోనే ఉంది.

ఈ నమ్మకాన్ని చూసి నవ్వడం తేలిక. కాని తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం సద్దిమూటలతో దిగి, వంచిన నడుము ఎత్తకుండా వజ్రాలు వెతుకుతారు. ఏటా ఎవరికో ఒకరికి దొరుకుతుంది కూడా. కాళ్ళ కింద వజ్రం ఉండే సీమలో జేబులో వెండి ఉందనుకోవడం ఏం పాపం?

ఇక్కడ రూపాయి అన్న పదం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే వ్యాఖ్యాతకు నిద్ర పట్టదు. సంస్కృతంలో అది రూప్యం. పాణిని అష్టాధ్యాయి ఐదో అధ్యాయంలో దీనికి రెండర్థాలు చెప్పాడు: ఒకటి ఆహతం, అంటే ముద్ర కొట్టినది, రెండోది ప్రశంస, అంటే చక్కని రూపం కలది. వెండి ప్రసక్తే లేదు! కొట్టిన ముద్రే రూప్యం, లోహం తర్వాతి సంగతి. మరి కౌటిల్యుడో, వెండి పణంలో నాలుగో వంతు రాగి కలపమని తానే చెప్పాడు. సీమవాళ్ళం 'దుడ్లు' అంటాం. దుడ్డు పూర్వం రాగి బిళ్ళ. వెండి ఎరగని జనం రాగి పేరే మొత్తం సంపదకు పెట్టుకున్నారు. దుడ్డుకర్రకూ దీనికీ చుట్టరికం ఉందా అన్నది వేరే వ్యాసానికి వదలాలి. పావలా కథ ఇంకా విచిత్రం. పావలా, అంతకు తక్కువ బిళ్ళలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి, పావలా వడ్డీ మాత్రం మాటల్లో నేటికీ చెల్లుతోంది. కాసు సంగతి మొదలుపెడితే కాసులపేరు దాకా పోవాలి...

అట్టముక్క ఎక్కడుంది? రెండో వాక్యం దగ్గర.

ఆ వాక్యానికి ఉదాహరణ పోయిన నెల ఆ గల్లాపెట్టె ముందే దొరికింది. గోంగూర కట్టలు అమ్ముకొచ్చిన అవ్వ కొంగు ముడి విప్పి, రెండు రంగుల పది రూపాయల బిళ్ళలు మూడు బల్ల మీద పెట్టి చక్కెర అడిగింది.

"బిళ్ళ వద్దవ్వా. నోటుంటే ఇయ్యి."

"ఏందబ్బీ, ఇది గవుర్మెంటుది గాదా?"

"గవుర్మెంటుదే. మాకాడ పోదు."

"నాకిచ్చినోళ్ళకాడ పోయింది గదా?"

"వాళ్ళు ఇస్తారు. తీసుకోరు."

ఇంతకు మించిన ద్రవ్యశాస్త్రం ఏ విశ్వవిద్యాలయమూ చెప్పలేదు. ఆ అంగడాయన ఒక బిళ్ళ తీసి వెలుతురుకు పట్టి గీతలు లెక్కపెట్టాడు. పది గీతలుంటే అసలుదట, పదిహేనుంటే నకిలీదట. రూపాయి గుర్తు లేకపోతే మరీ అనుమానమట. ఆ గుర్తు నాణేల మీదికి ఎక్కిందే 2011లో. అంతకు ముందు కొట్టినవాటి మీద అది ఎట్లా ఉంటుంది? పది రూపాయల బిళ్ళలు 14 రకాల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. ఆ ప్రకటన అట్టముక్క దాకా రాలేదు.

కౌటిల్యుడి రాజ్యంలో నాణేలు పరీక్షించేవాడి పేరు రూపదర్శకుడు. చెల్లే నాణేన్ని వాడు చెల్లదంటే పన్నెండు పణాలు జరిమానా. చెల్లనిదాన్ని చెల్లుతుందన్నా అంతే. మన రూపదర్శకుడికి జీతం లేదు, జరిమానా లేదు, గీతల లెక్క మాత్రం ఉంది.

తమాషా ఏమిటంటే, అదే అంగడాయన ఫోనులో ఇంకో గ్రంథం ఉంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళ మీ దగ్గరుంటే పది లక్షలు, ముందుగా కాస్త రుసుం కట్టండి అని. 2012లో ఆ ఆలయ బోర్డు రజతోత్సవానికి అయిదు, పది రూపాయల బిళ్ళలు కొట్టిన మాట నిజం. రజతం ఉన్నది ఉత్సవంలో, బిళ్ళలో కాదు. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని రుసుములు, పన్నులు గుంజేవాళ్ళున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. పది రూపాయల బిళ్ళ పది రూపాయలంటే నమ్మనివాడు, అదే బిళ్ళ పది లక్షలంటే నమ్ముతాడు.

లోహం కోసం నాణెం కొన్నవాళ్ళు లేకపోలేదు. మన రూపాయి బిళ్ళలు దొంగతనంగా బంగ్లాదేశ్ చేరి గడ్డం బ్లేడ్లు అవుతున్నాయని, ఒక్క బిళ్ళకు అయిదు నుంచి ఏడు బ్లేడ్లు వస్తాయని 2007లో కలకత్తా పోలీసులు తేల్చారు. అదీ ఉక్కు బిళ్ళే, వెండిది కాదు. ఇప్పుడు నాణెం కరిగిస్తే 2011 నాటి నాణేల చట్టం కింద ఏడేళ్ళ దాకా జైలు. మరి తీసుకోనన్నవాడో? వాడి పేరు ఏ అట్టముక్క మీదా లేదు. కర్త లేని వాక్యం మహిమ అదే.

మూడో వాక్యం: చిల్లర అడగరాదు. తీసుకోనివాడి దగ్గర ఎట్లా ఉంటుంది గనుక అడగాలి?

అవ్వ బిళ్ళలు మళ్ళీ కొంగున ముడేసుకుని, చక్కెర తీసుకోకుండానే పోయింది. రూపాయీ అంతకు పైబడ్డ నాణేలను వెయ్యి రూపాయల దాకా బాకీ కింద చెల్లించవచ్చని అదే నాణేల చట్టం చెబుతోంది. ఆమె దగ్గరున్నది ముప్పై. బల్ల మీద పెట్టినప్పుడు ఒక బిళ్ళ మీద, సంవత్సరం కింద, చిన్న నక్షత్రం కనిపించింది. అది హైదరాబాదు టంకసాల గుర్తు.