మారీచుడికి కొత్త స్కిన్

ఏప్రిల్ ఎండలో కోటు వేసుకున్న మనిషిని చూస్తే నాకు ముందు జాలి వేస్తుంది, ఆ తర్వాత అనుమానం వస్తుంది. మా అన్న ఊళ్లో లేకపోతే, వాళ్లబ్బాయి బడిలో తల్లిదండ్రుల మీటింగుకి నేను వెళ్లాల్సి వచ్చింది. ఏ బడో చెప్పను. ఖమ్మంలో బడో, కాలేజో, కోచింగ్ సెంటరో లేని సందు ఉందంటే అక్కడ ఇంకా ప్లాట్లు పడలేదని అర్థం కాబట్టి, చెప్పినా మీకు పెద్ద తేడా ఉండదు. స్టేజీ మీద కోటాయన, ఆయన వెనక తెర మీద తుపాకీ పట్టుకున్న బొమ్మ. "మీ అబ్బాయి గేమ్ ఆడుతున్నాడని తిడుతున్నారు కదా, వాడు ఇరవై ఒకటో శతాబ్దపు స్కిల్స్ నేర్చుకుంటున్నాడండీ" అని మొదలుపెట్టాడు. నాయకత్వం, ఓర్పు, టీమ్‌వర్క్, నిర్ణయశక్తి, వనరుల నిర్వహణ. ఒక్కో మాటకి తెర మీద ఒక్కో నక్షత్రం వెలిగింది. ముందురోజు రాత్రే పిల్లాడి చేతిలో ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసిన తండ్రులు నా పక్కన కూర్చుని తలలూపారు. చివర్లో ఫీజుల కాగితం పంచారు. అందులో 'గేమ్ బేస్డ్ లెర్నింగ్' అని కొత్త వరస ఒకటి చేరింది. ఓర్పు నేర్చుకోవాల్సింది ఎవరో అప్పుడు తెలిసింది.

మావాడు ఎనిమిదో తరగతి. మీటింగు సారం నాకంటే ముందే వాడికి అందింది. అన్నం చల్లారిపోతోందిరా అంటే "టీమ్‌వర్క్‌లో ఉన్నా బాబాయ్" అంటాడు. ఆ టీమ్‌లో ఒకడు వైరావాడు, ఒకడు మధిరవాడు. నాలుగోవాడిది ఏ ఊరో, ఏ భాషో ఎవరికీ తెలియదు గానీ తిట్లు మాత్రం నలుగురికీ అర్థమవుతాయి. నాయకత్వం అంటారా, కుర్చీలోంచి లేవకుండా చెల్లెలి చేత మంచినీళ్ల సీసా నింపించుకోవడంలో కనపడుతుంది. నిర్ణయశక్తి కూడా పెరిగింది. వాడి చార్జింగ్ రెండు శాతానికి దిగగానే నా ఫోన్‌కి ఉన్న చార్జర్ పీకడానికి అర సెకను పట్టలేదు. వనరుల నిర్వహణలో అయితే పిల్లాడు మెరిట్టే. వాళ్లమ్మ యూపీఐ పిన్ వాడికి నోటికొచ్చు. ఆ వనరుతో గేమ్‌లో చెల్లే డైమండ్లు కొని, వాటితో తన తుపాకీకి కొత్త వేషం కొన్నాడు. దాన్ని స్కిన్ అంటారట. తుపాకీ పాతదే, తగిలే దెబ్బా పాతదే, పైన తోలు మాత్రం బంగారు రంగు.

ఆటల మీద నాకు కోపం లేదని ముందే చెప్పాలి. పదోతరగతి సెలవులన్నీ వీడియో గేమ్ పార్లర్‌లో గంటకింతని పోసినవాణ్ణి. అందులో నేర్చుకున్నది ఏమైనా ఉందంటే, నాన్న జేబులో చిల్లర చప్పుడు కాకుండా తియ్యడం. నా గొడవంతా ఆ బంగారు తోలుతో.

వ్యవసాయం గేమ్‌నే తీసుకోండి. 2009లో ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ వచ్చినప్పుడు, కుండీలో తులసికి నీళ్లు పోయనివాళ్లు కూడా అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి స్ట్రాబెర్రీలు కోశారు. ఓర్పు నేర్పుతుంది, పెట్టుబడి లెక్కలు నేర్పుతుంది అని అప్పుడూ అన్నారు. 2020 డిసెంబర్ 31తో ఆ పొలాలన్నీ మూతపడ్డాయి. అన్నేళ్లు దున్నినవాడికి ఒక్క పాస్‌బుక్కైనా రాలేదు.

ఆ రైతుల్ని ఒక్కసారి మా మిర్చి యార్డుకి తోలుకురావాలని నాకు కోరిక. పొద్దున్నే జెండా పాట అవుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైనదానికి పలికే ధర అది. పేపర్లో వచ్చేది ఆ అంకె. రైతు చేతికొచ్చేది ఎక్కువసార్లు దానికి చాలా మెట్లు కింద ఉంటుంది. కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీస్తాడు, నలుపుతాడు, విదిలిస్తాడు. తేమెంత, తాలెంత, రంగు నిలుస్తుందా లేదా, అంతా ఆ గుప్పెట్లోనే తేలిపోతుంది. ఎదురుగా నిలబడ్డ రైతు ఆ వేళ్లకేసి చూసి, ఎంత తగ్గించబోతున్నాడో వాడు నోరు తెరవకముందే పసిగడతాడు. ఇవి రెండూ నైపుణ్యాలే. ఒకటి రెండోదాన్ని కొట్టడానికి పుట్టింది. ఏళ్ల తరబడి నష్టపోతే తప్ప రెండోది రాదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలు ఊడ్చేసినప్పుడు మందు మీద మందు కొట్టి అప్పుల పాలైనవాళ్లకి స్క్రీన్ మూలన తుడిచేసే బటన్ ఏదీ కనపడలేదు. 2017 ఏప్రిల్ 28న ధర పడిపోయి కడుపు మండిన రైతులు ఇదే యార్డులో మార్కెట్ ఆఫీసు మీద విరుచుకుపడ్డారు. పదిమందిని అరెస్టు చేసి, మే నెలలో చేతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. ఈ లెవెల్ ఏ వ్యవసాయ గేమ్‌లోనూ లేదు. పెడితే డౌన్‌లోడ్ చేసుకునేవాడు ఉండడు.

లెవెల్ అంటే గుర్తొచ్చింది. మావాడు నలభైమూడో లెవెల్ దాటానని ఇల్లంతా గంతులేస్తుంటే, భద్రాచలం నుంచి వచ్చిన మా పెద్దమ్మ ఉలిక్కిపడి "వాన కూడా లేదు కదరా" అంది. ఆమెకు తెలిసిన లెవెల్స్ మూడే. గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. గేమ్‌లో మూడో లెవెల్ దాటితే నాణేలు రాలతాయి. అక్కడ మూడోది దాటితే బియ్యం డబ్బా, సర్టిఫికెట్ల సంచీ నెత్తిన పెట్టుకుని పునరావాస కేంద్రానికి నడవాలి. 1986లో 75.6 అడుగులు. 2022 జులైలో 71.3. ఆ ఊళ్లో పిల్లాణ్ణి నిద్రలో లేపి అడిగినా ఈ అంకెలు చెబుతాడు. ఏ యాప్ నేర్పిందని అడిగేరు.

కోటాయనకి జవాబు ఖమ్మంలోనే ఉంది, మున్నేరు మీద. 2024 సెప్టెంబర్ 1న వరద ముంచుకొచ్చి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ తన బండిని నీళ్లలోకి దించి అందర్నీ ఇవతలికి తెచ్చాడు. ఫోన్లో జేసీబీ గేములు కొల్లలుగా ఉన్నాయి. మావాడికి వాటిలో ఐదు నక్షత్రాలు. ఆ డ్రైవర్‌కి ఎన్ని నక్షత్రాలున్నాయో ఆ రోజు ఎవరూ అడగలేదు.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. కోటాయన తెర మీద చూపించిన అమెరికా అధ్యయనం నిజమైనదే. 2007లో అచ్చయింది. 33 మంది సర్జన్లని, శిక్షణలో ఉన్న డాక్టర్లని పరీక్షిస్తే, ఒకప్పుడు వారానికి మూడు గంటలు పైబడి వీడియో గేములు ఆడినవాళ్లు ల్యాపరోస్కోపీ కసరత్తులో 37 శాతం తక్కువ తప్పులు చేశారు. ఆ 33 మందీ ముందు ఏళ్లకేళ్లు వైద్యం చదివారన్న చిన్న విషయం తెర మీద పట్టలేదు, అక్షరాలు పెద్దవి కదా. చెయ్యి చురుకైనవాడు గేమ్ బాగా ఆడాడో, గేమ్ ఆడి చెయ్యి చురుకైందో కూడా ఆ లెక్క తేల్చదు. ఆయన చూపించనివి ఇంకో రెండు. 2010లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధనలో 11,430 మంది ఆరు వారాలు మెదడు కసరత్తు ఆటలు ఆడారు. ఏ ఆట ఆడితే ఆ ఆటలో మెరుగయ్యారు, మిగతా తెలివి ఎక్కడిదక్కడే ఉంది. మిరపకాయ దంచితే పక్కన గిన్నెలో పెట్టిన చింతపండు నలగదు గదా. ఇక లుమోసిటీ అనే మెదడు ఆటల కంపెనీ, ఆడితే బడిలో, ఉద్యోగంలో రాణిస్తారనీ, మతిమరుపు రాదనీ ప్రకటనలు గుప్పించింది. రుజువు చూపమని అమెరికా ప్రభుత్వ సంస్థ నిలదీస్తే, 2016 జనవరిలో ఇరవై లక్షల డాలర్లు కట్టి బయటపడింది. పైలట్లు సిమ్యులేటర్‌లో నేర్చుకోరా అంటారు. నేర్చుకుంటారు. అందులో మీటలు నిజం విమానంలో ఉన్నట్టే ఉంటాయి, పక్కన నేర్పేవాడు ఉంటాడు, తప్పు చేస్తే ఫెయిల్ చేస్తాడు. మా వాడి పక్కన ఉండేది చిప్స్ ప్యాకెట్.

ఈ 'స్కిల్' అనే మాటకి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. కోటాయనకి తెలియకపోవచ్చు గానీ అందులో పెద్ద మలుపు సికింద్రాబాద్‌లో మొదలైంది. అక్కడో క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967 నవంబర్‌లో తీర్పు వచ్చింది. నడిపేవాడు ఆ ఆట మీద లాభం గుంజుతుంటే అది నేరం కావచ్చు అని కూడా అదే తీర్పులో ఉంది. నలభై యాభై ఏళ్ల తర్వాత ఫోన్లలో దిగిన రమ్మీ యాప్‌లు మొదటి ముక్కని గుండెలకు హత్తుకున్నాయి, రెండోదాన్ని చెత్తలో వేశాయి. ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియడమే కదా రమ్మీ! జీతం పోగొట్టుకున్నవాడికీ తాను నైపుణ్యం పెంచుకుంటున్నానన్న తృప్తి మిగిలింది.

రైతులకు బేడీలు పడ్డ మరుసటి నెల, 2017 జూన్‌లో, తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌కి ఆ బుద్ధి 2020 సెప్టెంబర్‌లో పుట్టింది. మధ్యలో మూడేళ్లు భద్రాచలంలో విచిత్రమైన పరిస్థితి. రాష్ట్రం విడిపోయాక ఊరి అంచున ఉన్న ఎటపాక ఆంధ్రాలో చేరింది. రాముడి గుడి దగ్గర జూదం, కాసేపు నడిచి ఎటపాక పొలిమేర దాటితే మేధస్సు. నైపుణ్యానికి కూడా సరిహద్దు చెక్‌పోస్టు ఉంటుందని ప్రపంచానికి చూపించిన ఘనత మనది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ తలుపు వేసింది. ఈ-స్పోర్ట్స్‌ని, చదువుకి పనికొచ్చే గేముల్ని ప్రోత్సహిస్తామని కూడా అదే చట్టంలో ఉంది. కోటు కుట్టించుకోవడానికి గుడ్డ అక్కడ దొరికింది.

ఇటు వామనగుంటలు, అష్టాచెమ్మా బృందం ఒకటుంది. మన పూర్వీకులు లెక్కలు నేర్పడానికే వామనగుంటలు కనిపెట్టారని వాట్సాప్‌లో రోజూ నాకు పంపుతారు. మా అమ్మమ్మ వామనగుంటల్లో ఎవరినీ గెలవనిచ్చేది కాదు. పాలవాడి లెక్క మాత్రం చచ్చేదాకా తాతయ్యే చూశాడు. ఆమె ఆడింది మధ్యాహ్నం గడవక. ఆ కారణం చాలదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆట ఆడుతున్నావంటే దానికి ఒక సర్టిఫికెట్ జత చెయ్యాలన్న భయం మనకే పుట్టింది. పిల్లాడు ఊరికే కాసేపు సంతోషంగా కూర్చుంటే ఎప్‌సెట్ ర్యాంకు ఎక్కడ జారిపోతుందోనని తండ్రికి దడ, ఆ దడని రసీదు పుస్తకంలోకి ఎక్కించుకునే నేర్పు కోటాయనది. ఆ మీటింగులో నిజమైన స్కిల్ ఏదైనా నాకు కనపడిందంటే అదొక్కటే.

మే నెలలో మావాణ్ణి తీసుకుని పర్ణశాల వెళ్లాను. సీతమ్మ ముచ్చటపడ్డ బంగారు జింక తిరిగింది అక్కడేనని నమ్మకం. ఆ ఘట్టాన్ని బొమ్మలుగా పెట్టారు. మారీచుడి కథ చెప్పాను. జింక తోలు కప్పుకుని వచ్చాడురా, లోపల ఉన్నవాడు వేరు అన్నాను. మావాడు కాసేపు ఆలోచించి, "అంటే స్కిన్ కొన్నాడన్నమాట. ఎన్ని డైమండ్లు బాబాయ్?" అన్నాడు. వాల్మీకి తర్వాత ఆ ఘట్టానికి ఇంత సూటి వ్యాఖ్యానం నేను వినలేదు.

అక్కడి నుంచి చర్ల రోడ్డు మీద కొంచెం ముందుకి పోయాం. తునికాకు రోజులు. రోడ్డు పక్క చెట్టు కింద ఒక కోయ అవ్వ, ఆమె మనవడు తెల్లారగట్ల కోసుకొచ్చిన ఆకు కట్టలు కడుతున్నారు. కుర్రాడికి మావాడి వయసే. ఆకుల కుప్పకి ఆనించి పెట్టిన ఫోన్లో ఎవరో ఆడుతున్న గేమ్ వీడియో నడుస్తోంది. వాడి కళ్లు ఫోన్ మీద, చేతులు ఆకుల మీద. యాభై ఆకులు పేరుస్తాడు, నార చుడతాడు, ముడేస్తాడు, కల్లానికి పోయే కుప్ప మీదికి విసురుతాడు. మధ్యలో ఓ చిల్లు ఆకు వస్తే చూడకుండానే వేలితో పసిగట్టి పక్కకి పారేశాడు. మావాడూ వాడూ రెండు నిమిషాల్లో దోస్తులయ్యారు. ఐడీలు మార్చుకున్నారు. ఏ తుపాకీ మంచిదన్న దాని మీద గట్టి చర్చ జరిగింది.

నాలో కోటాయన దూరినట్టున్నాడు, ఊరుకోలేక అడిగాను. "ఈ గేమ్‌లో ఏం నేర్చుకున్నావురా?"

వాడు తల తిప్పి నా మొహం చూశాడు. "నేర్చుకునేది ఏముంటది సారూ, ఆడుకునేది గదా."

"మా బడిలో దీనికి క్లాసుంది, ఫీజు కూడా" అన్నాడు మావాడు కొంచెం గొప్పగా.

కుర్రాడి చెయ్యి మొదటిసారి ఆగింది. "ఆడుకోడానికి పైసలు కడ్తరా?" అని, అవ్వకి కోయలో చెప్పాడు. ఆమె కడుతున్న కట్ట ముడి బిగించి, నన్నోసారి పైనుంచి కిందికి చూసి, ఒక మాట అంది. ఇద్దరూ పడి పడి నవ్వారు. ఏమందో చెప్పమని ఎంత అడిగినా వాడు చెప్పలేదు.