పోస్టుమాస్టరు గారికి తీరిక లేదు

గోదావరి జిల్లాల్లో గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషికి పేరుండదు, హోదా ఉంటుంది. గార్డు గారు, హెడ్మాస్టారు, లాకు సూపరింటెండెంటు గారు. ఉద్యోగం పోయినా హోదా పోదు. అసలు ఆ ఉద్యోగమన్నదే లోకంలో లేకుండా పోయినా హోదా పోదు. కరణాల వ్యవస్థను ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. ఈ రోజుకీ కోనసీమలో ఏ ఊళ్లోనైనా బస్సు దిగి "కరణం గారిల్లెక్కడండీ?" అని అడిగి చూడండి. "ఆయ్, ఆ కొబ్బరిచెట్ల పక్క పెంకుటిల్లేనండి" అని చెయ్యి పట్టుకు తీసుకెళ్లి మరీ దింపుతారు.

రాజమండ్రి దానవాయిపేటలో మా పోస్టుమాస్టరు గారిదీ అదే వరస. ఆయన భార్యను వీధి వీధంతా పిన్నిగారంటుంది. ఆయన్ని మాత్రం బాబాయి గారని పిలిచే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. ఇదెవరో ఒక్కరి గురించి రాసిందనుకునేరు. దానవాయిపేట నుంచి ఒకరి మీసం, ఆర్యాపురం నుంచి ఇంకొకరి రిజిస్టరు, ఇన్నీసుపేట నుంచి మరొకరి కోపం తెచ్చి కట్టిన మనిషి. అయినా సరే, చదువుతుంటే మీకు మీ వీధాయనే గుర్తొస్తారు.

ఆయన రోజు మోటారుతో మొదలవుతుంది. మేడ మీద ట్యాంకుకి నీళ్లెక్కించే ఆ స్విచ్చి ఆయన తప్ప మరెవరూ ముట్టుకోకూడదు. వేసిన టైమూ, కట్టేసిన టైమూ పొడుగాటి గీతల పుస్తకంలో ఎక్కించాలి. అందులోనే పాల లెక్క, పేపరు రాని రోజులు, గ్యాసు బండ మార్చిన తేదీలు. మొన్నామధ్య బండ మామూలు కంటే నాలుగు రోజుల ముందే అయిపోయింది. పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి "కారణం?" అన్నారు.

"మీరు అరిసెలు కావాలన్నారు గదండీ!" అన్నారు పిన్నిగారు, వెనక్కి తిరక్కుండానే.

చివరి గడిలో 'అరిసెలు' అని రాసి, కింద పొడి సంతకం పెట్టుకున్నారు.

పాలబ్బాయి వచ్చేసరికి గుమ్మంలో లాక్టోమీటరు సిద్ధంగా ఉంటుంది. "ఆయ్, తవరికి నీళ్లెందుకు పోత్తానండి, పోత్తే తెల్సిపోద్దిగా!" అంటాడు వాడు. ఆ మాటలో పొగడ్త ఎంతో, పక్కింటివాళ్ల గతి ఏమిటో ఆలోచించుకుని ఆయన తృప్తిగా నవ్వుకుంటారు.

తర్వాత పేపరు. మడత నలగని పేపరు ముందు ఆయన చేతికి రావాలి. రాజకీయాల జోలికి వెళ్లరు. మొదట సంస్మరణలు. ఫొటో కింద వయసు చూసి, తనకంటే తక్కువైతే "డెబ్బై రెండేనటే, పాపం!" అంటారు. ఆ పాపంలో కాస్త గెలుపు కూడా వినిపిస్తుంది. ఎక్కువైతే ఏమీ అనరు, పేజీ తిప్పేస్తారు. ఆ తర్వాత కరువు భత్యం వార్తలు. జనవరికొకసారి, జూలైకొకసారి లెక్కగట్టే ఆ శాతం ఎప్పుడు ప్రకటిస్తారో, ఎంత ప్రకటిస్తారో, బాకీ ఎన్ని నెలలకు వస్తుందో ఆర్థిక మంత్రి కంటే ముందు ఆయనకి తెలియాలి.

ఈ లెక్కలన్నీ సరిచూసుకునే చోటు గోదావరి గట్టు. పుష్కరాల రేవు దగ్గర సాయంత్రం అయిదింటికి ఒక జట్టు కూడుతుంది. నది చూడ్డానికి వచ్చారనుకుంటే పొరపాటు, నదికి వీపు పెట్టి కూర్చుంటారు. కొత్తగా చేరినవారికి మొదటి పాఠం కమ్యుటేషన్. సెంట్రల్ గవర్నమెంటువారు రిటైరయ్యేటప్పుడు పెన్షన్లో 40 శాతం దాకా ముందే అమ్ముకోవచ్చు. ఆ కోత 15 ఏళ్లు సాగి, అప్పుడు పెన్షను పూర్తిగా చేతికొస్తుంది. అరవైకి దిగిపోయినాయన డెబ్బై అయిదు దాటితే సర్కారు మీద నెగ్గినట్టు లెక్క. రెండో పాఠం ఇంకా రుచిగా ఉంటుంది. ఎనభై నిండితే అసలు పెన్షన్ మీద 20 శాతం అదనం, ఎనభై అయిదుకి 30, తొంభైకి 40, తొంభై అయిదుకి 50, నూరు నిండితే నూటికి నూరు. కాబట్టి వాళ్లు పొద్దున్నే కాకరకాయ రసం తాగుతున్నారంటే ఒంటి మీద ప్రేమతో మాత్రమే కాదు. మన పోస్టుమాస్టరు గారికిప్పుడు డెబ్బై నాలుగు. ఏడాది ఓపిక పడితే మొదటి గెలుపు. అందుకే ఆయన ఈ ఏడాది మిరపకాయ బజ్జీ ముట్టుకోలేదు. బండివాడే దిగులు పడుతున్నాడు.

జూలై వచ్చిందా, జట్టంతా నది వైపు తిరిగి కూర్చుంటుంది. వరద కాలం వాళ్లకి కొలువు కాలం. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండు, 53కి మూడు. అక్కడి నీరు మర్నాటికి మనకొస్తుంది. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి ఒకటి, 13.75కి రెండు, 17.75కి మూడు. ఈ అంకెలు మనవల పుట్టినరోజుల కంటే బాగా గుర్తు. "ఎంతుందండీ?" అంటే "పదమూడు పాయింటు ఆరు, సాయంత్రానికి రెండోది ఎగరేస్తారు" అని, తన అనుమతి కోసం ఇరిగేషన్ వాళ్లు ఆగినంత ధీమాగా చెబుతారు. అయితే ఏ వరదా ఆయన్ని మెప్పించలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు చూసిన తరం అది. లంకలు మునిగి, ఊళ్లకి ఊళ్లు గట్లెక్కిన వరద. 2022 జూలైలో నీరు 71.3 దాకా వచ్చి టీవీలన్నీ గగ్గోలు పెడుతుంటే ఈయన పెదవి విరిచి "ఎంతైనా ఎనభై ఆరు ఎనభై ఆరే" అన్నారు. ఆ ఏడాది లంకల్లో జనం పడ్డ పాట్లు తెలియక కాదు. తన అంకెని ఇంకో అంకె దాటబోతుంటే పెద్దవాళ్లకు మనసొప్పదు, అంతే.

ఇక ఆవకాయ. మిగతా పనులన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. వేసవి నడినెత్తికొచ్చాక ఒక ఆదివారం సంచీ, పాత తుండుగుడ్డ పట్టుకుని బజారుకి బయల్దేరతారు. కొత్తపల్లి కొబ్బరి కాయే కావాలి. చెట్టు మీంచి కోసినదవ్వాలి, రాలినది కాకూడదు. ఒక కాయ కోయించి ముక్క నోట్లో వేసుకుంటారు, పులుపుకి కన్ను మూతపడితే పాసైనట్టు. టెంక ముదిరిందా లేదా అని గోటితో గీరి చూస్తారు. కొట్టుకాడ కత్తిపీట వేసుకుని కూర్చున్న మనిషి ఒక్క దెబ్బకి కాయని రెండు చేస్తూంటే, ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉందో లేదో పక్కన నిలబడి చూస్తారు. "తవరలా మీదకొంగితే ఏలు తెగుద్దండి బాబూ" అన్నాడొకసారి వాడు. "నీదా నాదా?" అని అడిగారాయన, వివరం కోసం.

ఇంటికొచ్చాక జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కొక్క ముక్కా పొడిగుడ్డతో తుడవాలి. ఇది ఆయన శాఖ. నేల మీద చాప, చాప మీద పంచె, పంచె మీద ముక్కలు. తడి చుక్క తగిలిన ముక్క పక్కకి పోతుంది, దాన్ని 'పప్పులోకి' అని వేరే గిన్నెలో వేస్తారు. కారం, ఉప్పు, ఆవపిండి, పప్పునూనె కొలతలు మాత్రం పిన్నిగారివి. ఆవిడ మానికతో, గుప్పిటతో, కంటిచూపుతో కొలుస్తారు. ఆయన గ్రాముల్లో రాసుకుందామని తక్కెడ తెచ్చి పెట్టారు. "ఆ తక్కెడ ఇటు తెచ్చారంటే నేనటు లేచిపోతాను" అన్నారావిడ. తక్కెడ వెనక్కెళ్లింది. జాడీకి వాసెన కట్టాక మళ్లీ ఆయనకి పెత్తనం. మెయిన్ రోడ్డులో సొంత డబ్బుతో చేయించుకున్న తేదీ ముద్ర ఒకటుంది. చీటీ మీద ఠప్పుమని కొట్టి జాడీకంటిస్తారు. మూడో రోజు తిరగ కలపాలని అందులోనే ఉంటుంది.

అసలు విద్య ఆ మూడో రోజు తర్వాత బయటపడుతుంది. హైదరాబాదులో కూతురికి పంపాలి. ఈ రోజుల్లో ఎవరైనా ఏం చేస్తారు? ప్లాస్టిక్ డబ్బాలో పోసి, టేపు చుట్టి, రాత్రి బస్సు వాడి చేతిలో పెడతారు. ఈయన అలా చెయ్యరు. డబ్బాకి పాలిథిన్ కవరు, దాని మీద పాత పేపరు, దాని మీద అట్టపెట్టె, పెట్టె మీద లాంక్లాతు గుడ్డ. దబ్బనంలో పురికొస ఎక్కించి, కుట్టుకీ కుట్టుకీ మధ్య చిటికెన వేలు వెడల్పు తేడా రాకుండా కుడతారు. కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించి అతుకుల మీద చుక్కలు వేసి, ఇత్తడి బిళ్ల నొక్కుతారు. ఆ లక్క వాసన ఇల్లంతా పరుచుకునే పది నిమిషాలూ ఆయన ముఖం చూడాలి. ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసు అక్కడ కనిపిస్తుంది. అల్లుడు ఫోన్ చేసి "మామయ్య గారూ, పార్సిలు విప్పడానికి గంట పట్టిందండీ" అంటాడు. దాన్ని ఆయన మెప్పు కిందే జమ వేసుకుంటారు.

2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ కబురు విన్న మధ్యాహ్నం ఆయన అన్నం సరిగా తినలేదు. "ఇక సంతకం పెట్టించుకునే రసీదు కార్డు విలువేముంది?" అని గట్టు మీద అడిగితే జట్టులో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. బ్యాంకాయన మాత్రం తన బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోయినప్పటి సంగతి ఎత్తుకుని, ఆ సాయంత్రమంతా పరామర్శ తనకి రాబట్టుకున్నాడు.

నవంబరులో బతికున్నామని రుజువు చూపించుకోవాలి. పూర్వం కాగితం మీద సంతకంతో పోయేది. 2014 నుంచి జీవన్ ప్రమాణ్, వేలిముద్ర. ఏళ్ల తరబడి స్టాంపులూ పురికొసలూ రాసుకుని అరిగిపోయిన వేలు యంత్రానికి ఆనలేదు. పది వేళ్లూ వరసగా పెట్టించారు. పిన్నిగారు నిమ్మచెక్క తెచ్చి రుద్దారు. యంత్రం ససేమిరా అంది. ఇప్పుడు ఫోనులో ముఖం చూపిస్తే చాలన్నారు. ఇంటికొచ్చిన పోస్టుమాన్ కుర్రాడు ఫోన్ ఎత్తిపట్టి "మాస్టారూ, ఒక్కసారి కళ్లార్పండి" అన్నాడు. ఈయన ఫొటో అనుకుని ఊపిరి బిగబట్టి, రెప్ప వెయ్యకుండా, పాస్‌పోర్టు బొమ్మలా కూర్చున్నారు. "కళ్లార్పకపోతే మీరు బతికున్నట్టు కాదండీ!" అని వాడు బతిమాలాడు. అప్పుడు ఆర్పారు. ఆ తర్వాత కుర్రాణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, సంచీలో ఉత్తరాలు వీధుల వారీగా పేర్చుకోవడం ఎలాగో ముప్పావుగంట నేర్పారు. పైయేడు నుంచి వాడు ఆ ఇల్లు ఆఖర్న పెట్టుకుంటున్నాడు.

ఇన్ని పనుల మధ్య ఆయనకి ఏమీ తోచని పూట ఒకటి కూడా వస్తుంటుంది. ఆ పూట పనిమనిషికి చీపురు పట్టే పద్ధతి చెప్పబోతారు. ఇద్దరు అలాగే మానేశారు. అప్పట్నించీ పిన్నిగారు ఒక ఉపాయం పట్టారు. "బియ్యంలో రాళ్లున్నాయండీ, నా కళ్లకి ఆనట్లేదు" అని చేట ఇస్తారు. ఆయన కళ్లజోడు సవరించుకుని వరండాలో కూర్చుంటారు, గంటన్నర ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. "సార్టెక్స్ బియ్యంలో రాళ్లెక్కడుంటాయమ్మా? నిన్న ఆయన ఏరినవే మళ్లీ పోసిస్తాను. ఒకోసారి పెరట్లోంచి రెండు రాళ్లు తెచ్చి నేనే వేస్తాను, పాపం నిరాశపడతారని" అని మా ఇంట్లో చెప్పారు. ఈ సంగతి రాయొద్దన్నారు కూడా. రాశాను. సంస్మరణలూ కరువు భత్యమూ నీటిమట్టాలూ తప్ప ఆయన ఏమీ చదవరు కనక నాకు భయం లేదు.

కాబట్టి మీరెప్పుడైనా దానవాయిపేట వైపు వస్తే, "రిటైరయ్యాక ఎలా కాలక్షేపం అవుతోందండీ?" అని మాత్రం ఆయన్ని అడక్కండి. ఎంత తీరిక లేదో చెప్పడానికి రెండు గంటలు తీసుకుంటారు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా తలుపు కొట్టకండి, నిద్ర. ఆవకాయ పార్సిలు కట్టించుకోవాలంటే మాత్రం మొహమాటపడకుండా వెళ్లండి. గుడ్డా పురికొసా మీరే తెచ్చుకోవాలి. లక్క ఆయన దగ్గర ఉంది.