పడటంలో మొనగాడు

స్పీడ్‌వే బైకుకు బ్రేకులుండవు. ముందు చక్రానికీ లేవు, వెనక చక్రానికీ లేవు. ఉండకూడదన్నదే నిబంధన, ఎందుకంటే ఒకడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనక వచ్చేవాళ్లు వాడి మీదికి ఎక్కేస్తారు. ఒకటే గేరు, 500 సీసీ ఒంటి సిలిండరు ఇంజను, ఇంధనం మిథనాల్. గీత దగ్గర అడ్డంగా కట్టిన పట్టీలు పైకి లేవగానే అలాంటి బండ్లు నాలుగు ఒక్కసారిగా మొదటి మలుపు మీదికి ఉరుకుతాయి. రాతిపొడి పరిచిన బాట, నాలుగు చుట్లు, నిమిషం పైచిలుకులో అంతా అయిపోతుంది. మలుపులో వేగం తగ్గించడం మాట అటుంచి రైడర్ యాక్సిలరేటర్ ఇంకా తిప్పుతాడు. వెనక చక్రం జారి బండి అడ్డం తిరుగుతుంది. మలుపు ఎడమకైతే ముందు చక్రం కుడికి చూస్తుంటుంది. ఉక్కు తొడుగు వేసిన ఎడమ బూటు నేలను ఒరుసుకుంటూ పోతుంది.

ఇలాంటి ఆటలో పడటం తప్పదు. అందుకే పడటం కూడా నేర్చుకోవాలి. ముందున్నవాడు కిందపడితే వెనకవాడికి ఆగే దారి లేదు, కాబట్టి వాణ్ణి తొక్కకుండా తన బండిని తానే పక్కకు పడేసి తానూ పడాలి. తోటివాడి ప్రాణం కోసం కావాలని కిందపడే ఆ తెగింపు నాకు ఈ ఆటలో అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది.

ఈ విద్యలో పేరుమోసినవాడు ఫిల్ బిషప్. ఇంగ్లండులో ఈ ఆట ఊపందుకున్నది లండన్ శివార్లలోని హై బీచ్‌లో, 1928 ఫిబ్రవరి 19న. అడవిలో ఒక హోటల్ వెనక ఉన్న బాట అది. మూడు వేల మంది వస్తే గొప్ప అనుకున్నచోట ముప్ఫై వేల మంది దాకా వచ్చి పడ్డారని చెబుతారు. ఆ హై బీచ్ జట్టులోనే బిషప్ కుర్రవాడుగా రేసులు మొదలుపెట్టాడు. గెలుపులకంటే ఎక్కువగా పడిపోవడాలతో పేరు తెచ్చుకున్నాడు. పడటం, లేవడం, మళ్లీ బండెక్కడం. జనం ఆయనకు పెట్టిన పేరు ‘కింగ్ ఆఫ్ క్రాష్’. ఏ క్లబ్బుకు మారినా ఆ పేరు వెంట వచ్చింది.

ఆయన తరం ముసలిదైపోయింది. ఆట కూడా ఒక దశలో చితికిపోయి మళ్లీ కోలుకుంది. 1964లో పెద్ద లీగుకు, చిన్న లీగుకు మధ్య కొట్లాట ముదిరి, చిన్న లీగు లైసెన్సు లేకుండానే రేసులు నడిపింది. లార్డ్ షాక్రాస్ విచారణ జరిపి చక్కదిద్దాక, 1965లో 18 జట్లతో బ్రిటిష్ లీగ్ పుట్టింది. జట్టుకు ఏడుగురు, పోటీకి 13 రేసులు, ప్రతి రేసులో మొదటివాడికి మూడు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి, చివరివాడికి సున్నా. ఆ మొదటి ఏడాది కిరీటం తూర్పు లండన్‌లోని వెస్ట్ హామ్ జట్టుది. లీగు, నాకౌట్ కప్పు, లండన్ కప్పు మూడూ వాళ్లే ఎగరేసుకుపోయారు. రేవు కూలీల పేట అది. అక్కడి ఆనందం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. కానీ ఆ సీజన్‌లోనే సొంత ట్రాకు మీద ఆ జట్టు రైడర్ డేవ్ విల్స్ ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కుర్రవాడు. మూడు కప్పుల లెక్క చెప్పేవాళ్లు ఈ పేరు కూడా చెప్పాలి.

ఐదేళ్లు గడిచేసరికి వెస్ట్ హామ్ వెలుగు తగ్గింది. 1970 సీజన్ మాంచెస్టర్ జట్టు బెల్ వ్యూది, దాని తరఫున బండి నడిపిన న్యూజిలాండ్ వీరుడు ఐవన్ మాగర్‌ది. లీగు వాళ్లకే దక్కింది, మాగర్ వరసగా మూడోసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ ఏడు వెస్ట్ హామ్ మేనేజర్ ఎవరో కాదు, ఫిల్ బిషప్. అరవయ్యో పడికి చేరిన మనిషి. ఇక బండెక్కే పని లేదు. ఏ రేసుకు ఎవర్ని జత కట్టాలి, జట్టు వెనకబడితే ఎవరి బదులు ఎవర్ని దింపాలి అని చూసుకోవడమే పని. ఎముకలన్నీ చోటు తప్పి, మళ్లీ అతుక్కున్నాక దొరికిన నెమ్మదైన కొలువు అనుకోవాలి.

రైడర్లకు మాత్రం నెమ్మది లేదు. ప్రతి ఊరికీ తన రేసు రాత్రి ఉంటుంది. ఒకరిది గురువారం, ఇంకొకరిది శనివారం. దిగిన రేసుకు ఇంత, తెచ్చిన పాయింటుకు ఇంత అని డబ్బు ముడుతుంది. దిగకపోతే ఏమీ రాదు. అందుకని సీజన్ పొడుగునా బండిని వ్యానుకు ఎక్కించుకుని ఊరి నుంచి ఊరికి తిరుగుతూనే ఉంటారు. ట్రాకు మీద గడిపేది వారానికి కొన్ని నిమిషాలు, రోడ్డు మీద గంటల కొద్దీ.

ఆ జూలైలో వెస్ట్ హామ్ పేరుతో ఒక జట్టు హాలండ్ వెళ్లింది. అందరూ ఆ క్లబ్బువాళ్లు కారు. క్రాడ్లీ హీత్ రైడర్ కోలిన్ ప్రాట్ లాంటివాళ్లూ కలిశారు. మేనేజరుగా బిషప్ వెంట వెళ్లాడు. రేసులయ్యాక అందరూ ఒక మినీబస్సెక్కి బెల్జియం మీదుగా ఇంటిదారి పట్టారు. తోలుబట్టలు, ఉక్కు తొడుగులు, హెల్మెట్లు ఏవీ అక్కర్లేని ప్రయాణం.

జూలై 14న లోకెరెన్ పట్టణం దగ్గర ఆ మినీబస్సు ప్రమాదంలో చిక్కుకుంది. కోలిన్ ప్రాట్ మెడ ఎముక విరిగింది. ఆయన బతికి, తర్వాత ఏళ్ల తరబడి జట్లను నడిపించాడు గానీ మళ్లీ రేసులో దిగలేదు. స్టాన్ స్టీవెన్స్, గ్యారీ హే గాయాలతో బయటపడ్డారు. నలుగురు రైడర్లు పోయారు: పీటర్ బ్రాడ్‌షా, మాల్కం కార్మైకేల్, గ్యారీ ఎవరెట్, మార్టిన్ పిడక్. బస్సు నడిపినవాడూ పోయాడు.

ఆరో మనిషి ఫిల్ బిషప్. బ్రేకుల్లేని బండ్ల మీద అన్నిసార్లు పడి, అన్నిసార్లూ లేచిన ‘కింగ్ ఆఫ్ క్రాష్’ బ్రేకులున్న బండిలో, హాండిల్ తన చేతిలో లేకుండా, ప్రయాణికుడిగా కూర్చుని పోయాడు.