వాసనకు సాక్ష్యం

చెట్టు నాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గునపం, చెంబెడు నీళ్ళు, ఫొటో తీసేవాడు ఉంటే చాలు. తీసెయ్యాలంటే మాత్రం అర్జీ రాయాలి, ఇంటి పన్ను రసీదు జతచెయ్యాలి, చెట్టు ఫొటో తియ్యాలి, ఆ ఫొటోలో చెట్టుతో పాటు ఇల్లు కూడా పడాలి. నాటినప్పుడు ఎవరి చెట్టో అడిగిన నాథుడు లేడు. కొడతానన్నప్పుడు అందరిదీ అయిపోతుంది.

మా విశాఖపట్నంలో అనుమతి లేకుండా చెట్లు కొట్టింది హుద్‌హుద్ తుపాను ఒక్కటే. 2014 అక్టోబరు 12న వచ్చి, ఏ ఆఫీసు గుమ్మమూ తొక్కకుండా, ఒక్క పూటలో ఊరిని బోడి చేసి పోయింది. అప్పటిదాకా ఆకులు ఊడ్చలేక చెట్లని తిట్టినవాళ్ళందరికీ తెల్లారేసరికి పచ్చదనం మీద బెంగ పట్టుకుంది. తొందరగా పెరగాలి, పశువులు ముట్టకూడదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి. అలాంటి మొక్క ఏదని వెతికితే ఏడాకుల పాల దొరికింది. కణుపు చుట్టూ గొడుగు విప్పినట్టు ఇంచుమించు ఏడేసి ఆకులు, తుంచితే పాలు. వీధి వీధికీ అదే.

ఎవరో పంచుతుంటే మా మావగారు ఒక మొక్క తెచ్చి గేటు పక్కన పాతారు. "ఇది పెద్దదయ్యాక నా పేరు చెప్పుకుంటారు చూడండి" అన్నారు. చెప్పుకుంటున్నాం. ఏటా కార్తీకమాసం నెలంతా వీధి వీధంతా చెప్పుకుంటోంది.

ఎందుకంటే ఆ చెట్టు అప్పుడు పూస్తుంది. కొమ్మల చివర ఆకుపచ్చా తెలుపూ కలిసిన గుత్తులు. పగలు బుద్ధిగానే ఉంటుంది. సందె దీపం పెట్టే వేళకి మొదలెడుతుంది. మొదటి రోజు బాగానే ఉందనిపిస్తుంది. రెండో రోజు పక్కింట్లో ఎవరో అత్తరు ఒలకబోశారనుకుంటాం. మూడో రోజుకి పప్పుచారులో అదే వాసన, దిండు మీద అదే, పూజగదిలో అగరొత్తి ఓడిపోయి దాని ముందే అదే. మా ఆవిడకి తుమ్ములు పట్టుకుంటే మంచుకాలం కదా అనుకున్నాం. తుమ్ములు పోయి ఆయాసం వచ్చాక డాక్టరుగారు మందు రాసే ముందు, "మీ ఇంటి దగ్గర ఏం పూస్తోంది?" అని అడిగారు. అప్పుడు మొదలైంది మా అర్జీ.

చట్టం ఉంది. 2002లో వచ్చింది. నీరు, భూమి, చెట్టు మూడింటికీ కలిపి ఒకటే చట్టం, అందరూ వాల్టా అంటారు. దాని ప్రకారం మన దొడ్లో చెట్టయినా సరే, కొట్టాలంటే అధికారి అనుమతి కావాలి. నీలగిరి, సరుగుడు, సుబాబుల్ లాంటివాటికి మినహాయింపు ఉంది. మా మావగారికి సరుగుడు మొక్క ఎవరూ పంచలేదు.

మొదటి ఆఫీసులో, "రోడ్డు మీది చెట్లయితే మావి. మీది కాంపౌండులో ఉంది కదా" అన్నారు. రెండో ఆఫీసులో, "కొమ్మలు రోడ్డు మీదకి వచ్చాయిగా, ముందు వాళ్ళనడగండి" అన్నారు. మొత్తానికి తేలిందేమిటంటే వేళ్ళు ఒకరివి, కొమ్మలు ఇంకొకరివి, తుమ్ములు మావి. ఈలోగా ఎవరినీ ఏమీ అడగనక్కర్లేని కరెంటువాళ్ళు వచ్చి, తీగలకి తగులుతోందని రోడ్డు వైపు కొమ్మలన్నీ నరికి మా గుమ్మంలో పోగేసి పోయారు. దాంతో చెట్టు ఇంటివైపు కొమ్మలేసింది. అప్పటిదాకా వీధి అంతా పంచుకున్న పూత నేరుగా మా పడకగది కిటికీలోకి వచ్చింది.

అర్జీలో "తొలగించుటకు కారణము" అని ఒక గడి ఉంది. "వాసన" అని రాశాను. గుమస్తా అది చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"వాసనంటే ఎలాగండీ? ఫైల్లో వాసన పెట్టలేం కదా. గోడ బీటలిచ్చిందని రాయండి."

"గోడ బాగానే ఉందండీ."

"పోనీ చెట్టు పడిపోయేలా ఉందని రాయండి."

"హుద్‌హుద్ తరవాత పాతిందండీ, రాయిలా ఉంది."

"అయితే కష్టమే" అన్నాడు నా గోడ గట్టితనానికి జాలిపడుతూ. "వాస్తు అని మాత్రం రాయకండి. అవి చాలా ఉన్నాయి."

తనిఖీకి అధికారి నడి వేసవిలో వచ్చారు. ఊరంతా ఉడికిపోతోంది. మా గేటు దగ్గర మాత్రం చల్లగా ఉంది. ఆయన టేపు తీసి ఛాతీ ఎత్తున మాను చుట్టుకొలత కొలిచి, పుస్తకంలో రాసుకుని, ఆ నీడలోనే కుర్చీ వేయించుకుని, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, "వాసన ఏదండీ?" అన్నారు.

"కార్తీకంలో వస్తుందండీ."

"ఇప్పుడు వైశాఖం కదండీ."

సాక్ష్యానికి ఇరుగుపొరుగుని పిలిచాను. మేడమీద మేస్టారు నిరుడు కార్తీకంలో తడితువ్వాలు ముక్కుకి కట్టుకుని తిరిగిన మనిషి. ఆయన కిందికి దిగి, "ఈ నీడ లేకపోతే నా స్కూటరు సీటు మీద కూర్చోలేనండీ" అన్నారు. ఎదురింటి పిన్నిగారు దగ్గుమందు ఖర్చు మా లెక్కలో రాయమన్నావిడ. ఆవిడా వచ్చి, "పచ్చని చెట్టు కొట్టిస్తే ఇంటికి మంచిది కాదు నాయనా" అని నాకేసి చూసి నిట్టూర్చారు. ఇస్త్రీ బండి అతను మాత్రం ఉన్నమాట చెప్పాడు: "బాబూ, చెట్టు కొట్టేస్తే బండెక్కడ ఎట్టుకోను?" దానికి నా దగ్గర జవాబు లేదు. నా చొక్కాలు కూడా ఆ నీడలోనే ఇస్త్రీ అవుతాయి.

అధికారి మంచాయన, చదువుకున్నాయన. "శాంతినికేతన్లో పట్టా తీసుకునే పిల్లలకి ఈ చెట్టు ఆకులే ఇచ్చేవారు తెలుసాండీ? దీని చెక్కతో పలకలు చేసేవారట. శాస్త్రీయనామంలో స్కాలారిస్ అన్నది అందుకే" అన్నారు.

"ఆకులతో మాకేం పేచీ లేదండీ, ఎన్ని పట్టాలకైనా మేమే పంపిస్తాం. పువ్వుల సంగతే చూడండి" అంది మా ఆవిడ.

అమెరికాలో అయితే ఇంత బాధ ఉండదనుకుని అట్లాంటాలో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు గట్టిగా నవ్వాడు. అక్కడ 6 అంగుళాల వ్యాసం దాటిన చెట్టయితే, సొంత పెరట్లోదైనా, నగరం అనుమతి లేకుండా ముట్టుకోకూడదట. పైగా అర్జీ పెట్టాక ఇంటి ముందు బోర్డు పెడతారట, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవడానికి. పాపం వాళ్ళకి బోర్డు కావాలి. మా వీధిలో బోర్డు లేకుండానే అభ్యంతరాలు మజ్జిగ వేళకి వచ్చేస్తాయి.

పూతవేళకి మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిన అధికారి మాట మీద నిలబడే మనిషి. కార్తీకంలో, చెట్టు నిండా పూసి ఉండగా, సరిగ్గా దీపాలవేళ మళ్ళీ వచ్చారు. జలుబుతో వచ్చారు. మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని చెట్టు కింద నిలబడి, గట్టిగా పీల్చి, మళ్ళీ పీల్చి, "నాకేమీ తెలియట్లేదండీ" అన్నారు నిజాయితీగా. ఇంట్లోంచి మా ఆవిడ తుమ్మింది. ఆయన అది రాసుకున్నారు.

చివరికి ఉత్తర్వు వచ్చింది. తొలగింపుకి అనుమతి లేదు. పూతకి ముందు కొమ్మలు కత్తిరించుకోవచ్చు. పూలు కొమ్మల చివరే కదా వచ్చేది, చివర్లు లేకపోతే పూత చాలామటుకు తగ్గుతుంది. కోపం వచ్చిన మాట నిజమే. తీరిగ్గా ఆలోచిస్తే ఆయన చేసిందే న్యాయం. వాసనకి ఏడాకుల చెట్టు కొట్టొచ్చంటే, పిట్టల రెట్టలకి వేప, ఊడ్పుకి బాదం, కారు అద్దానికి కొబ్బరి వరసగా పోతాయి. ప్రతి ఇంటికీ ఒక కారణం ఉంది. కారణమున్న ప్రతివాడికీ గొడ్డలిచ్చేస్తే ఈ ఊరికి ఇంకో తుపాను అవసరం లేదు. చెట్టు తరఫున వాదించేవాడు ఎవడూ లేడు కాబట్టి, ఆఫీసు ఆలస్యమే దాని ప్లీడరు.

ఈ మధ్య ఎదురింటి పిన్నిగారు మా ఇంటికి ఫలహారం పట్టుకొచ్చారు. వాళ్ళ బాదంచెట్టు ఆకులు రాలి కాలవ పూడుకుపోతోందట. ఆఫీసులన్నీ తిరిగినవాణ్ణి కాబట్టి అర్జీ నేనే రాసిపెట్టాలట. రాసిచ్చాను. "కాలవ" సరిపోదనీ, గోడ సంగతి కూడా చూసుకోమనీ సలహా ఇచ్చాను. మొన్న తనిఖీకి అదే అధికారి వచ్చారు. బాదంచెట్టు నీడ సాయంత్రం మా అరుగు మీదే పడుతుంది. "పొరుగువారు కదా, మీకేమైనా అభ్యంతరమా?" అని నన్ను అడిగారు.

పిన్నిగారు నాకేసి ఆశగా చూస్తున్నారు.

"పచ్చని చెట్టు కదండీ" అన్నాను, "కొట్టిస్తే ఇంటికి మంచిది కాదు."